అనంతగిరి రాత్రిని రంగు దీపాలకు అప్పజెప్పొద్దు

టోక్యోలోని ఉయెనో పార్కులో షినోబజు అనే చెరువుంది. 1881లో ఆ చెరువు మీద కాల్చిన బాణాసంచాను కొబయాషి కియొచిక అనే చిత్రకారుడు బొమ్మగా గీశాడు. దాన్ని చెక్క మీద చెక్కి కాగితం మీద అచ్చు వేశారు. ఆ బొమ్మలో ఎక్కువ భాగం చీకటే. ముందువైపు జనం గుంపుగా మనకు వీపు పెట్టి నిలబడి ఉంటారు. నల్లటి తలలు, భుజాలు, అంతే. వాళ్లంతా చూస్తున్న ఆకాశంలో మాత్రం టపాకాయ వెలుగు విరిసి ఉంటుంది. ఆ మనుషులు అంత నల్లగా ఉండబట్టే ఆ వెలుగు కాగితం మీద నిజంగా మెరుస్తున్నట్టు అనిపిస్తుంది. అరచేత్తో వాళ్లను మూసి చూడండి. టపాకాయ వెలవెలబోతుంది.

ఈ బొమ్మ సంగతి ఇప్పుడెందుకంటే, మన వికారాబాద్ జిల్లాలో అనంతగిరి గుట్టల మీద పర్యాటక పనుల మాట గట్టిగా నడుస్తోంది. కేంద్రం స్వదేశ్ దర్శన్ 2.0 పథకం కింద ఎంపిక చేసిన చోట్లలో అనంతగిరి ఒకటి. రోడ్లు రానీ, మరుగుదొడ్లు కట్టనీ, తాగునీరు ఏర్పాటు చేయనీ, అవన్నీ కావాల్సినవే. నా భయమల్లా దీపాల గురించి. ఈమధ్య ఏ ఊళ్లో పార్కు కట్టినా, ఏ చెరువు గట్టును బాగు చేసినా, చివర్లో జరిగే పని ఒకటే: చెట్లకు, రాళ్లకు, నీళ్లకు రంగురంగుల ఫ్లడ్ లైట్లు బిగించడం. దానికి సుందరీకరణ అని పేరు. అనంతగిరికీ అదే గతి పట్టకముందే నా మాట చెప్పాలనుకున్నాను.

నేను తాండూరులో ఒక ప్రభుత్వ హైస్కూల్లో డ్రాయింగు టీచరుని. కాపురం వికారాబాద్‌లో. ధారూరు, రుక్మాపూర్ మీదుగా రోజూ రైలు ప్రయాణం. చలికాలం సాయంత్రం తాండూరులో బండి ఎక్కేసరికి పొద్దు గూకుతుంటుంది. బండల పాలిషింగ్ యూనిట్ల దగ్గర రాతిపొడి గాల్లో లేచి, వాలుతున్న ఎండలో కాసేపు పసుపుగా, తర్వాత గులాబీగా మారుతుంది. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదని మా పిల్లల ఇళ్లలో అందరికీ తెలుసు. అయినా కళ్లకు కనిపించే అందాన్ని కాదనలేం. రుక్మాపూర్ దాటాక కంది చేల మీద వెలుగు సన్నగిల్లుతుంది. వికారాబాద్ చేరేసరికి గుట్టల వైపు చిక్కటి నీలం. ఈ మార్పును కాగితం మీద పెట్టడం పిల్లలకు ఎలా నేర్పాలా అని వెతుకుతుంటే జపాన్ చెక్క అచ్చులు దొరికాయి. అప్పటి నుంచి వాటినే పాఠంగా చెప్తున్నాను.

ఆ పని పద్ధతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా వాదనంతా అందులోనే ఉంది. బొమ్మ గీసేవాడొకడు, చెక్కేవాడొకడు, అచ్చు వేసేవాడొకడు, పెట్టుబడి పెట్టి అమ్మే ప్రచురణకర్త ఒకడు. అడవి చెర్రీ చెక్క పలక మీద గీతలు చెక్కుతారు. ఒక్కో రంగుకు ఒక్కో పలక. రంగులో బియ్యప్పిండితో చేసిన గంజి కలుపుతారు. మల్బరీ జాతి చెట్టు నారతో చేసిన కాగితాన్ని తడిపి పలక మీద పరిచి, వెదురు పొర చుట్టిన గుండ్రటి దిండుతో వెనకనుంచి రుద్దుతారు. యంత్రం లేదు, చెయ్యే. ఆకాశం పైన ముదురుగా ఉండి కిందికి వచ్చేకొద్దీ పలచబడాలంటే, పలకను తడిపి, రంగును ఒక అంచున మాత్రమే పెట్టి, బ్రష్‌తో లాగి పలచన చేస్తారు. ఈ పద్ధతిని బొకాషి అంటారు. ప్రతి కాగితానికీ, ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. యొషిద హిరోషి అనే చిత్రకారుడు 1937లో నిక్కోలోని యొమేమొన్ ద్వారాన్ని అచ్చు వేయించినప్పుడు ఒక్కో కాగితం మీద 96 సార్లు రంగు అద్దాల్సి వచ్చింది.

ఇంత రంగు అద్దే వాళ్లు వెలుగు కోసం ఏ రంగు వాడతారు? ఇదే మా పిల్లవాడు అడిగిన ప్రశ్న. కవాసె హసుయి 1925లో వేసిన జోజోజీ గుడి మంచు బొమ్మను కాగితం మీద ప్రింటు తీయించి తరగతిలో చూపించాను. టోక్యోలో షిబా అనే చోట ఉన్న గుడి అది. 1873లో జపాన్ ప్రభుత్వం మొదటిసారి ప్రజల పార్కులు ఏర్పాటు చేసినప్పుడు ఉయెనోతోపాటు షిబాను కూడా ఎంచుకుంది. బొమ్మలో ఎర్రటి గుడి, ఎగిరే మంచు, ఆ గాలికి గొడుగు అడ్డం పెట్టుకుని నడిచే ఒక స్త్రీ. పాలిషింగ్ యూనిట్లో పనిచేసే తండ్రి కొడుకు ఒకడు చాలాసేపు చూసి అడిగాడు:

“మేడం, దీంట్ల తెల్ల రంగు ఎంత పెట్టిండు?”

“అసలు పెట్టలే రా. అది ఉత్త కాయితం. అక్కడ చెక్కను తీసేసిండ్రు, రంగు అంటలే.”

“అంటే ఏం పెట్టకుంటెనే మంచు పడ్డదా?”

అంతే నాయనా అన్నాను. చుట్టూ ఉన్న బూడిద నీలాన్ని, ఎరుపును ఎంత శ్రద్ధగా అద్దితే ఆ ఉత్త కాగితం అంత తెల్లగా కనిపిస్తుంది. వెలుగు విషయంలో వాళ్ల పని చాలావరకు తెల్లను ముట్టుకోకుండా వదిలేసి, పక్కనున్న చీకటిని జాగ్రత్తగా కట్టడమే.

మా బడిలో చెర్రీ చెక్క లేదు. లినోలియం ముక్కలు దొరికితే సరే, లేకపోతే పాత హవాయి చెప్పు అడుగు మీదే చెక్కిస్తాను. పాలిష్ పట్టిన తాండూరు బండ ముక్క మీద ఇంకు వేసి రోలరుతో పరుస్తాం. నునుపుగా ఉంటుంది, నీళ్లు తాగదు, ఆ పనికి అంతకంటే మంచి పలక ఎక్కడా దొరకదు. వెదురు దిండుకు బదులు స్టీలు చెంచా వెనక భాగంతో రుద్దుతారు. పోస్టర్ కలరులో గంజి కలిపి, తడి ప్లైవుడ్ మీద బొకాషి కూడా చేయించాను. పిల్లలకు అన్నిటికంటే కష్టమైంది ఒకటే: ఎక్కడ ఆపాలో తెలియడం. ఖాళీ కనిపిస్తే చాలు, నింపేద్దామని చెయ్యి దురద పెడుతుంది. మన పార్కులకు దీపాలు పెట్టే వాళ్లకూ అదే దురద ఉన్నట్టుంది.

కియొచిక విషయానికి మళ్లీ వస్తాను. అతను ఆ బాణాసంచా బొమ్మ వేసిన కాలం మన కాలం లాంటిదే. 1874లో టోక్యో గింజా వీధిలో గ్యాస్ దీపాలు వెలిగాయి. నూనె దీపాలకు అలవాటైన ఊరికి ఒక్కసారిగా కొత్త వెలుగు వచ్చింది. 1876 నుంచి 1881 దాకా కియొచిక ఆ ఊరి దృశ్యాలు 93 వేశాడు. గ్యాస్ దీపాలు, రైలింజను నిప్పులు, వానకు తడిసిన రోడ్డు మీద లాంతరు నీడలు. కొత్త దీపాలను అతను ద్వేషించలేదు, నెత్తినా పెట్టుకోలేదు. దీపం ఎంత మేర వెలిగిస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అని చూశాడు. ఒచనొమిజు దగ్గర నది మీద మిణుగురులను గీసిన బొమ్మ ఒకటుంది. పడవలో చిన్న దీపం, చుట్టూ చిమ్మచీకటి, ఆ చీకట్లో మిణుగురు చుక్కలు. పడవ దీపం ఇంకాస్త పెద్దదైతే మిణుగురులు కనిపించేవి కావు. ఆ సంగతి అతనికి తెలుసు.

తర్వాతి తరంలో కసమత్సు షిరో 1932లో అదే షినోబజు చెరువును మసక సాయంత్రం వేళ చూపించాడు. అప్పటికి టోక్యోలో కరెంటు దీపాలు వచ్చేశాయి. అవతలి గట్టు దీపాలు మంచులో కరిగిపోతున్నట్టుంటాయి. చెరువు చెరువులాగే, చీకటి చీకటిలాగే ఉన్నాయి. నేటి టోక్యో కళ్లు చెదిరే నగరమే, అక్కడంతా చల్లటి నీడలే ఉన్నాయని నేను చెప్పడం లేదు. ఆ చిత్రకారులు చూసిన చూపు గురించే నా మాట.

ఆ చూపు మన నేలను కూడా తాకింది. 1930 చివర్లో యొషిద హిరోషి కొడుకు తొషితో కలిసి భారతదేశం వచ్చాడు. ఎల్లోరా, అజంతాలను అచ్చు బొమ్మలుగా వేశాడు. అప్పుడు ఆ రెండూ నిజాం రాజ్యంలోనివే, వికారాబాద్ కూడా ఆ రాజ్యంలోదే. అంతకుముందే, 1917 ప్రాంతంలో, అరాయి కంపో అనే జపాన్ చిత్రకారుడు అజంతా గోడ బొమ్మలకు నకళ్లు తీసి తీసుకెళ్లాడు. 1923 భూకంపంలో టోక్యో తగలబడినప్పుడు అవి బూడిదయ్యాయి. మన దగ్గర తీయించిన అజంతా నకళ్లను హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో ఇప్పటికీ చూడొచ్చు. మా బడి పిల్లలను అక్కడికి తీసుకెళ్లడం నాకు ఇష్టమైన పని.

యొషిద తాజ్‌మహల్‌ను, దాని తోటను పగలు, రాత్రి, వెన్నెల్లో, పొద్దుటి మంచులో వేరువేరుగా వేశాడు. 1926లోనే అతను తెరచాప పడవల బొమ్మ ఒకదాన్ని అవే పలకలతో, రంగులు మాత్రం మార్చి, ఉదయం, మధ్యాహ్నం, మంచు, సాయంత్రం, రాత్రి అంటూ రకరకాలుగా అచ్చు వేశాడు. ఆ భారత ప్రయాణం తర్వాతే లాహోర్‌లోని షాలిమార్ తోట కూడా వేశాడు. నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఫతేపూర్ సిక్రీ కిటికీ బొమ్మ. రాతి జాలీ గుండా ఎండ లోపలికి వస్తుంటుంది. గది లోపల మసక. జాలీ పక్కన మనుషులు కూర్చుని ఉంటారు. ఎండాకాలం మన పాత ఇళ్లలో తలుపు సందులోంచి ఎండ పడినప్పుడు ఆ చల్లదనం ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. ఆ జాలీ కట్టిన మేస్త్రీకీ, దాన్ని బొమ్మగా వేసిన జపాన్ వాడికీ ఒక్కటే తెలుసు: వెలుగును ఆపడం కూడా పనే.

ఇక మన పార్కుల దగ్గరకు వద్దాం. నేను సాయంత్రాలు నడిచే పార్కు ఒకటుంది. వేపచెట్లు, కానుగ చెట్లు, నాపరాళ్ల బెంచీలు. ఇదివరకు అక్కడక్కడ పసుపు సోడియం దీపాలుండేవి. ఇప్పుడు వేప మొదట్లో నేలమీద నుంచి పైకి ఆకుపచ్చ ఫ్లడ్ లైటు. ఆకుపచ్చ ఆకుకు ఆకుపచ్చ రంగు పూయడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, ఆకులు ప్లాస్టిక్‌లా కనిపిస్తాయి. కొమ్మలకు సీరియల్ బల్బుల తీగ చుట్టారు, మేకులు కూడా కొట్టారు. మధ్యలో హైమాస్ట్ దీపం తెల్లగా పగలులా మండుతుంది. గోరింకలు రాత్రి తొమ్మిదైనా సద్దుమణగవు. పౌర్ణమి నాడు పార్కులో నిలబడితే చంద్రుడు ఉన్నాడో లేడో తల పైకెత్తి వెతుక్కోవాలి.

ఆడపిల్లల భద్రత సంగతేమిటని అడుగుతారు. అడగాల్సిందే. రాత్రిపూట స్టేషన్ నుంచి ఇంటికి ఒంటరిగా నడిచి వెళ్లే మనిషిని నేను, ఆ ప్రశ్న నాదే. కళ్లలోకి కొట్టే దీపం నాకు రక్షణ కాదు. తెల్లటి దీపం నేరుగా కంట్లో పడితే కనుపాప ముడుచుకుంటుంది, ఆ దీపం వెనక ఎవరున్నారో అస్సలు కనిపించదు. దీపం వెలుగు ఎంత తీక్షణంగా ఉంటే దాని పక్కన నీడ అంత నల్లగా పడుతుంది. ఎదురొచ్చే మనిషి ముఖం కనిపించాలంటే దారి పొడుగునా తక్కువ ఎత్తులో, కిందికి మాత్రమే పడేలా, మూత ఉన్న దీపాలు సమానంగా ఉండాలి. చీకటి మూలలు మిగలకుండా చూడటం వేరు, చెట్టుకు ఊదారంగు పూయడం వేరు. రెండో దానికి పెట్టే డబ్బు మొదటి దానికి పెడితే మాలాంటి వాళ్లు నిశ్చింతగా నడుస్తారు.

ఇంకో సంగతి. బల్బు డబ్బా మీద 6500 కె అనో 3000 కె అనో రాసి ఉంటుంది. ఆ అంకె ఎంత పెద్దదైతే వెలుగు అంత నీలి తెలుపు. 2015 నుంచి దేశమంతటా వీధి దీపాలు ఎల్‌ఈడీకి మారుతున్నాయి, కరెంటు ఆదా అవుతోంది, మంచిదే. కానీ చాలాచోట్ల బిగించింది చల్లటి తెల్ల దీపాలే. రాత్రి ఆకాశాన్ని కాపాడే వాళ్లు 3000 కె దాటొద్దని చెప్తున్నారు. నీలి వెలుగు గాల్లో ఎక్కువ చెదురుతుంది, ఆకాశాన్ని తెల్లబరుస్తుంది, పురుగులను ఎక్కువగా లాగుతుంది. మిణుగురులు జతను పిలిచేది తమ వెలుగుతోనే. చుట్టూ దీపాలుంటే ఆ పిలుపు అవతలి దానికి అందదు. ధర ఒకటే అయినప్పుడు వెచ్చటి పసుపు బల్బు కొనడానికి అడ్డమేమిటి?

ఇవి కవుల కబుర్లని తీసిపారేయకండి. మహారాష్ట్రలో పెంచ్ పులుల అభయారణ్యానికి 2024లో డార్క్ స్కై పార్కు అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. లదాఖ్‌లో హాన్లె దగ్గర 2022లో డార్క్ స్కై రిజర్వ్ ప్రకటించారు. చీకటిని చూడటానికే అక్కడికి పర్యాటకులు వెళ్తున్నారు, ఊరివాళ్లకు దాంతోనే ఉపాధి దొరుకుతోంది. హైదరాబాద్ నుంచి టెలిస్కోపులు మోసుకుని నక్షత్రాలు చూడటానికి కుర్రాళ్లు మన వికారాబాద్ వైపే వస్తారు. వాళ్ల ఊళ్లో లేనిది మన దగ్గర ఉంది కనుక వస్తున్నారు. దాన్ని మనమే చెడగొట్టుకుంటే ఇంకెక్కడికి పోతారు?

అనంతగిరి సంగతి పెద్దలకు తెలుసు. వికారాబాద్ గాలి లక్షల రోగులకు మందు అని ఉర్దూలో ఒక మాట ఇక్కడ తరతరాలుగా వినిపిస్తోంది. ఆ గాలి కోసమే గుట్ట మీద క్షయ ఆస్పత్రి కట్టారు. మూసీ నది పుట్టేది ఇక్కడే. కార్తీకంలో పద్మనాభస్వామి జాతరకు ఊళ్లకు ఊళ్లే కదిలి వస్తాయి. ఆడవాళ్లు కోనేటి దగ్గర దీపాలు వెలిగిస్తారు. చీకట్లో ఆ ఒత్తి ఎంత చిన్నదైనా మెట్టు అంచును చూపిస్తుంది, పక్కనున్న పసిపిల్ల బుగ్గను చూపిస్తుంది, నీళ్లలో ఇంకో దీపమై కదులుతుంది. నెత్తిన ఫ్లడ్ లైటు ఉంటే అది వెలిగిందో ఆరిందో కూడా తెలియదు. వందల రూపాయల నూనె, వేల చేతుల భక్తి ఆ ఒక్క స్విచ్చుతో కనబడకుండా పోతాయి. బతుకమ్మను నీళ్లలో వదిలే చెరువు గట్ల దగ్గర ఇప్పటికే చాలా ఊళ్లలో ఇది చూస్తున్నాం. మెట్ల దగ్గర జారిపడకుండా దీపం కావాలి, ఒప్పుకుంటాను. పూల రంగును మింగేసేంత దీపం వద్దు.

జిల్లా అధికారులకు, అటవీ శాఖకు, పర్యాటక శాఖకు నా విన్నపం ఇది. అనంతగిరిలో దీపాలకు టెండరు పిలిచే ముందు, అమావాస్య దగ్గర్లో ఒక రాత్రి గుట్ట మీద ఉన్న దీపాలన్నీ ఆర్పించి, ఇంజనీర్లతో సహా అరగంట నిలబడండి. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగండి. ఆ తర్వాత ఎక్కడ దీపం అవసరమో నిర్ణయించండి. దారులకు మోకాలెత్తు దీపాలు, మూతతో, 3000 కెకి లోపు. మెట్లకు, మరుగుదొడ్లకు, బస్సులు ఆగే చోటుకు తగినంత. చెట్లకు, గుట్టకు, నీళ్లకు ఏమీ వద్దు. అడవి లోపలి దారుల్లో జనం వెళ్లిపోయాక ఆర్పేసే టైమరు పెట్టించండి. పల్లె ప్రకృతి వనాల్లో దీపాలు పెట్టే సర్పంచులు, కార్యదర్శులు కూడా ఈ కొలతనే పాటిస్తే ఊరికి కరెంటు బిల్లు తగ్గుతుంది. చదువుతున్న మీరు చేయగలిగింది కూడా ఉంది. మీ కాలనీ పార్కులో చెట్టుకు చుట్టిన సీరియల్ తీగ కనిపిస్తే, దాన్ని తీసేయమని వార్డు సభలో అడగండి.